వ్యాధికంటె ముందు వచ్చు వదంతి

2020వ సంవత్సరము ఏప్రిల్ నెల ప్రారంభమున చిత్తూరు జిల్లాలోని ఒక గ్రామములో రెండు కుటుంబములకు చెందిన సుమారు పదిమంది ఒక్కసారిగా అస్వస్థులై ఆసుపత్రిలో చేరిరి. వారిని పడవేసినది కరోనా కాదు. కరోనా తమ దరికి రాకుండుటకై వారు ఉమ్మెత్త గింజలతో చేసిన పానీయమును త్రాగిరి. టిక్‌టాక్ అను సెల్‌ఫోను యాప్‌లో ఎవరో పెట్టిన వీడియో చూచి వారట్లు చేసిరి. సకాలములో చికిత్స జరిగినందున ప్రాణాపాయము తప్పినది.

ఉమ్మెత్త విషమని ఎరుగనివారు మన పల్లెలలో అరుదు. సంస్కృతమున దానికి ఉన్మత్తమనియే పేరు. అది కడుపులో పడినచో నోరు ఎండును, కనుపాపలు విచ్చుకొనును, గుండె వేగము హెచ్చును, మనిషి పొంతనలేని మాటలు పలుకును. మోతాదు మించినచో ప్రాణమే పోవచ్చును. ఇంతటి తెలిసిన విషమును తెలిసినవారే ఎట్లు త్రాగిరి అని మనము ప్రశ్నించుకొనవలసియున్నది. వారు తెలివిమాలినవారని చెప్పి ఊరుకొనుట సులభము. కాని అది సమాధానము కాదు. ఆ దినములలో ప్రతి పత్రికలోను, ప్రతి టెలివిజన్ తెరమీదను కరోనా వైరస్ బొమ్మ కనబడుచుండెను. గుండ్రని బంతి, దాని చుట్టును ముండ్లు. ఉమ్మెత్తకాయయు అట్టిదే. ఈ పోలికయే నమ్మకమునకు ఆధారమైనది. ముల్లును ముల్లుతోనే తీయవలెనను సామెత మన రక్తములోనే కలదు గదా!

పోలిక ఒక్కటియే కాదు. ఆ దినముల పరిస్థితిని పంచాయతీ సభ్యులు ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. మార్చి 25 మొదలు దేశమంతటను లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. బస్సులు లేవు, సంతలు లేవు, పట్నమునకు పోయి పెద్ద డాక్టరును అడుగు వీలు లేదు. ఆ వ్యాధికి మందు లేదని వైద్యులే చెప్పుచుండిరి. టీకా రాలేదు. అన్ని తలుపులు మూసియున్న ఆ సమయమున తెరచియున్న తలుపు చేతిలోని సెల్‌ఫోను ఒక్కటియే. "మేమేమి చేయవలెను?" అను ప్రశ్నకు ప్రభుత్వపు సమాధానము చేరులోపల వదంతి సమాధానము చేరినది. వదంతికి గల బలమంతయు ఇందులోనే యున్నదని మా అభిప్రాయము. అది అబద్ధమగుటచేత వ్యాపించదు. ముందుగా వచ్చుటచేత, మనవారి చేతిమీదుగా వచ్చుటచేత వ్యాపించును.

అదే జిల్లాలో అంతకు రెండు నెలలకు ముందు, 2020 ఫిబ్రవరిలో, ఇంతకంటె విషాదకరమైన సంఘటన జరిగినది. సామాన్యమైన అస్వస్థత గల ఒక రైతు సెల్‌ఫోనులో కరోనా వీడియోలను పదేపదే చూచి, తనకు ఆ వ్యాధియే వచ్చినదని నిశ్చయించుకొని, భార్యాబిడ్డలను దగ్గరకు రానీయక, చివరకు ఆత్మహత్య చేసికొనెను. ఆనాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క కరోనా కేసైనను నమోదు కాలేదు. మొదటి కేసు మార్చి 12వ తేదీన నెల్లూరులో బయటపడినది. అనగా వ్యాధి రాష్ట్రములో అడుగు పెట్టుటకు ముందే వదంతి ఒక ప్రాణమును తీసినది.

పూర్వము పుకారు కాలినడకన వచ్చెడిది. సంతకు పోయినవాడో, లారీ డ్రైవరో తెచ్చిన మాటను రచ్చబండ వద్ద పదిమంది విని, "నీవు చూచితివా? ఎవరు చెప్పిరి?" అని నిలవేసెడివారు. చెప్పినవాడు ఎదుట ఉండుటచేత జవాబు చెప్పవలసివచ్చెడిది. సెల్‌ఫోను వచ్చిన పిదప పంపినవాడు వేరు, పుట్టించినవాడు వేరు. కువైట్‌లో నున్న అల్లుడు పంపెను, హైదరాబాదులో చదువుచున్న మనుమరాలు పంపెను. వారు మనకు కీడు తలపెట్టువారు కారు, కావున మాట నిజమే యగునని నమ్ముదుము. ఆ అల్లునికి ఎవరు పంపిరో అల్లునికే తెలియదు. మన మమకారము ఎవరో ఊరుపేరు లేనివాని మాటకు జామీను నిలుచుచున్నది.

ఇట్టి సందేశములకు కొన్ని గుర్తులు కలవు. తేదీ ఉండదు. తేదీ లేనందువలననే నిరుడు పుట్టిన అబద్ధము ఈయేడు మరల క్రొత్తగా తిరుగును. ఏదో పెద్ద ఆసుపత్రి పేరో, పేరుమోసిన డాక్టరు పేరో ఉండును. ఆ డాక్టరుకు ఆ సంగతియే తెలియకపోవచ్చును. చివరను "మీ బంధుమిత్రులందరికి వెంటనే పంపుడు" అని తొందర చేయును. నిజమైన వైద్యసలహా ఇట్లు తొందర చేయదు. వాట్సాప్‌లో మరియొక గుర్తు కలదు: సందేశముపైన రెండు బాణపు గుర్తులు జంటగా కనబడినచో, అది ఐదు చేతులో అంతకంటె ఎక్కువ చేతులో మారి వచ్చినదని అర్థము. అట్టి సందేశమును ఒక్కసారికి ఒక్కరికి మాత్రమే పంప వీలగునట్లు ఆ సంస్థవారు 2020 ఏప్రిల్‌లో కట్టడి చేసిరి. జంట బాణముల గుర్తు అబద్ధమునకు రుజువు కాదు. ఆగి విచారింపుమను సూచన మాత్రమే.

ఇక నష్టముల మాట. వదంతి వలన ఆరోగ్యమే చెడుననుకొనుట పొరపాటు. చేతిలోని రూపాయియు పోవును. కోడిమాంసము వలన కరోనా వచ్చునను ప్రచారము 2020 ఫిబ్రవరి, మార్చి నెలలలో ఎంతగా ప్రబలినదనగా, కోళ్ల ధర పెంపకపు ఖర్చుకు కూడ రాకుండ పడిపోయినది. ఆ భయమును పోగొట్టుటకై ఫిబ్రవరి 28వ తేదీన తెలంగాణ మంత్రులు హైదరాబాదు ట్యాంక్‌బండ్ వద్ద వేదికనెక్కి ప్రజల యెదుట కోడికూర భుజించిరి. మంత్రులు వేదికపైన కోడికూర తినుట అంతకుముందు ఎన్నడైన చూచితిమా? అయినను నెలల తరబడి ఫారముల యజమానులు కోలుకొనలేదు. కోళ్లు కొనువారు లేనపుడు దాణాకై మొక్కజొన్న కొనువారును తగ్గుదురు. సెల్‌ఫోనులో ఒక్క వేలు కదిపిన ఫలితము చివరకు మొక్కజొన్న వేసిన సన్నకారు రైతు గడప వద్దకు వచ్చి నిలిచినది.

ఇచ్చట మరియొక సంగతి చెప్పక తప్పదు. కోళ్లను గురించి వచ్చు ప్రతి హెచ్చరికయు అబద్ధము కాదు. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్ల ఫారములలో బర్డ్ ఫ్లూ నిజముగనే బయటపడినది. అపుడు వ్యాధి కనబడిన ఫారముల చుట్టును ఆంక్షలు విధించుట, కోళ్లను పూడ్చివేయుట పశుసంవర్ధక శాఖవారి నియమముల ప్రకారము జరిగినవి. బాగుగా ఉడికించిన మాంసమును, గ్రుడ్లను తినుటలో భయము లేదని అధికారులు తెలిపిరి. 2020లో చూచిన వదంతిని తలచుకొని, ఇదియు వట్టి పుకారేనని త్రోసిపుచ్చియుండినచో నష్టము మనకే. కావున దేనినైనను నమ్మకుండుట విచక్షణ కాదు. ఎవరిని అడిగిన తెలియునో ఎరిగియుండి, వారిని అడుగుటయే విచక్షణ.

అన్నింటికంటె హీనమైన వదంతి మనిషిమీద మనిషిని ఉసికొల్పునది. 2020 ఏప్రిల్‌లో, పండ్లు అమ్ముకొను ముస్లిములు పండ్లకు ఉమ్మి పూసి వ్యాధిని వ్యాపింపజేయుచున్నారను వీడియోలు దేశమంతట తిరిగినవి. విచారింపగా వానిలో కొన్ని మన దేశమున మహమ్మారి వ్యాపించుటకు పూర్వము తీసినవని తేలినది. ఈలోపల తోపుడుబండ్లవారిని అనేక ఊళ్లలో రానీయకపోయిరి. చాలచోట్ల కరోనాతో మరణించినవారి దహనమునకు, ఖననమునకు చుట్టుప్రక్కలవారు అడ్డుపడిరి. నెల్లూరుకు చెందిన ఒక వైద్యుడు చెన్నైలో ఈ వ్యాధితో మరణింపగా అచ్చటివారు శ్మశానము వద్ద అడ్డగించిరి. రోగులకు సేవచేసి ప్రాణము విడిచినవానికి ఆరడుగుల నేల దొరకకుండ చేసినది భయము. ఆ భయమునకు ఆహారము వదంతి. నియమము ప్రకారము భద్రపరచిన శవమును జాగ్రత్తలతో దహనము గాని ఖననము గాని చేసినచో ఇరుగుపొరుగువారికి వ్యాధి అంటదని ఆరోగ్యశాఖవారు అప్పుడే తెలిపియుండిరి. ఆ మాట శ్మశానము వద్దకు చేరలేదు.

ఊరిలో ఒక ఇంటిని వెలివేసినచో ఏమి జరుగునో సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. రెండవ ఇంటివారు జ్వరము వచ్చినను దాచుదురు. దాచిన జ్వరము ఊరంతటికి పాకును.

మందుల మాటకు వచ్చినచో, వెల్లుల్లి, వేడినీళ్లు, ఆవిరి, కర్పూరము వాము లవంగములు కట్టిన మూట అని ఇంటింటను వాడిరి. వీనిలో చాలభాగము హాని చేయనివే. మిరియాల కషాయము త్రాగినవానిని మనము నిందింపనక్కరలేదు. గొంతుకు హాయి కలుగును. హాని ఎచ్చట వచ్చుచున్నదనగా, దానిని నమ్ముకొని పోగొట్టుకొను దినములలో. 2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ విడత ప్రబలినపుడు రక్తములో ప్రాణవాయువు 94 శాతముకంటె తగ్గినచో వెంటనే వైద్యుని చూడవలెనని నియమము. కర్పూరపు మూట వాసన చూచినచో ఆ అంకె పెరుగునని సెల్‌ఫోనులు చెప్పెను. అది పెరుగునను రుజువు లేదు. మూట చేతబట్టుకొని రెండు దినములు ఇంటనే గడిపినవానికి మూడవ దినము ఆసుపత్రిలో మంచము దొరకక పోవచ్చును.

నెల్లూరు జిల్లా కృష్ణపట్నము సంగతి ఎల్లరకు తెలిసినదే. అచ్చట ఉచితముగ ఇచ్చుచున్న మూలికల మందును గురించిన వీడియోలు 2021 మే నెలలో వ్యాపింపగా, వేలాది జనులు, రోగులతో సహా, ఆ ఊరిమీదికి వచ్చిపడిరి. మందు మంచిచెడ్డలు అటుండగా, దూరము పాటింపవలసిన కాలమున అంతటి గుంపు చేరుటయే ప్రమాదము. ప్రభుత్వము పంపిణీని నిలిపి పరీక్ష చేయించెను. ఆ మందు కరోనాను నయము చేయునను రుజువు లేదని, అయితే హానికరమును కాదని నివేదిక రాగా, కంటిలో వేయు చుక్కలను మినహాయించి కొన్ని మందులకు మే 31న అనుమతి ఇచ్చుచు, వైద్యులు వ్రాసిన మందులను మాత్రము మానరాదని తెలిపెను. ఈ చివరి వాక్యమును ఎందరు సెల్‌ఫోనులో ఇతరులకు పంపిరో మనము ఊహించుకొనవచ్చును. వదంతి ప్రయాణములో మొదట రాలిపోవునది ఇట్టి షరతు వాక్యమే.

పరదేశముల అనుభవము ఇంతకంటె ఘోరము. 2020 మార్చి, ఏప్రిల్ నెలలలో ఇరాన్ దేశమున, మద్యము త్రాగినచో కరోనా నశించునను మాట నమ్మి, మిథైల్ ఆల్కహాలు కలిసిన కల్తీ సరకు త్రాగి వందలమంది మరణించిరి.

2021 జనవరి 16న దేశమున టీకాలు మొదలైన పిమ్మట వదంతి వేషము మార్చినది. టీకా వేసికొన్నవారికి సంతానము కలుగదనిరి, రెండేండ్లలో మరణింతురనిరి, వేసినచోట అయస్కాంతము అంటుకొనుననిరి. రెండవ విడత చావులకు 5జి టవర్లే కారణమనిరి. 5జి పరీక్షలు దేశములో ఎక్కడను ఇంకను మొదలే కాలేదని టెలికాం శాఖవారు 2021 మే 10న ప్రకటింపవలసివచ్చినది. అదే నెలలో ఉత్తరప్రదేశ్ బారాబంకీ జిల్లాలో టీకా వేయు బృందము వచ్చుట చూచి కొందరు గ్రామస్థులు సరయూ నదిలో దూకిరి. సూదికి భయపడి నదిలో దూకిరని నవ్వుట తగదు. దానిని విషపు సూదియని వారికి ఎవరో ముందుగనే చెప్పియుండిరి. కాదని చెప్పు మనిషి నది ఒడ్డుకు వచ్చిన తరువాత గాని వారికి కనబడలేదు.

సంతానము కలుగదను మాట క్రొత్తది కాదు. పోలియో చుక్కలు వేయు దినములలో ఉత్తరప్రదేశ్ జిల్లాలలో సరిగ్గా ఇదే మాట పుట్టి, తల్లులు బిడ్డలను లోపల దాచిరి. ఇంటింటికి తిరిగి, మసీదులలోను పాఠశాలలలోను పెద్దలచేత చెప్పించిన మీదట తలుపులు తెరచుకొన్నవి. 2011 జనవరి తరువాత మన దేశమున ప్రకృతిసిద్ధమైన పోలియో వైరస్ వలన ఒక్క కేసును రాలేదు. 2014 మార్చిలో భారతదేశము పోలియో రహితముగ గుర్తింపబడినది. ఆ చుక్కలు వేయించుకొన్న బిడ్డలు పెరిగి పెద్దవారై, వారికి సంతానమును కలిగినది.

అట్లని టీకా వలన ఏ ఇబ్బందియు రాదని చెప్పుటయు సరికాదు. ఒకటి రెండు దినములు జ్వరము, ఒళ్లునొప్పులు చాలమందికి వచ్చినవి. కోవిషీల్డు వలన బహు అరుదుగ రక్తము గడ్డకట్టు అవకాశము కలదని వైద్యులే గుర్తించిరి. ఈ మాటను ముందుగనే చెప్పిన ఊళ్లలో, జ్వరము వచ్చినపుడు జనులు అనుకొన్నదే వచ్చినదనుకొందురు. దాచిన ఊళ్లలో మొదటి జ్వరముతోనే టీకామీది నమ్మకము పోవును. నిజమును సగము చెప్పుట వదంతికి సాయపడుటయే.

మరియొక చిక్కు కలదు. శాస్త్రము తన మాటను తానే మార్చుకొనును. మొదట ఆరోగ్యవంతులకు మాస్కు అక్కరలేదనిరి. 2020 ఏప్రిల్ మొదటి వారమున ఇంట కుట్టిన గుడ్డ మాస్కైనను ధరింపుడనిరి. ప్లాస్మా చికిత్సను ఒకప్పుడు అనుమతించిరి. ప్రయోజనము కనబడనందున 2021 మేలో చికిత్సా నియమముల నుండి తొలగించిరి. కోవిషీల్డు రెండవ మోతాదుకు నాలుగు నుండి ఆరు వారములనిరి, పిదప ఆరు నుండి ఎనిమిదనిరి, మరల పన్నెండు నుండి పదునారనిరి. "నిన్నొకటి, నేడొకటి చెప్పువారిని ఎట్లు నమ్ముట?" అని గ్రామస్థుడు అడిగినచో అది న్యాయమైన ప్రశ్నయే. క్రొత్త వ్యాధిని గురించి తెలిసినకొలదియు సలహా మారునని అతనికి చెప్పవలెను. ఏ ప్రకటనకైనను క్రింద తేదీ వేసి గోడకు అంటించుట, క్రొత్తది రాగానే పాతదానిని చింపివేయుట పంచాయతీ చేయదగిన పని.

పంచాయతీకి ఇందులో అధికారమేమి అను సందేహము కొందరికి రావచ్చును. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము చేరియున్నవి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీయు కలదు. చాల ఊళ్లలో అది సంతకములకు మాత్రమే సమావేశమగునని మేమెరుగుదుము. దానికి ఇంతకంటె మంచి పని దొరకదు. విపత్తు సమయమున భయోత్పాతము కలిగించు తప్పుడు హెచ్చరికలు చేసినవారికి విపత్తు నిర్వహణ చట్టము 54వ సెక్షను క్రింద ఒక సంవత్సరము వరకు జైలుశిక్ష గాని జరిమానా గాని కలదు. కాని కోడలు పంపిన సందేశమును నమ్మి మరొకరికి పంపిన ముసలమ్మపైకి పోలీసులను పంపుట మా ఉద్దేశ్యము కాదు. ఆ సెక్షను తెలిసియే పుట్టించువారికి తగినది.

సభ్యుడు మొదట చూచుకొనవలసినది తన సెల్‌ఫోనునే. సామాన్యుడు పంపిన సందేశము సందేశము మాత్రమే. సర్పంచి గాని వార్డు సభ్యుడు గాని పంపినది పంచాయతీవారి మాటగ చెల్లును. "నిజమో కాదో తెలియదు, చూడుడు" అని వ్రాసి పంపినను, ఆ వ్రాసిన ముక్క రాలిపోయి తక్కినది తిరుగును. సందేహమున్నదానిని ఊరి గ్రూపునకు గాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరుకో, ఎ.ఎన్.ఎం.కో పంపవలెను. వారి జవాబు వచ్చిన పిదప దానిని ఊరికి చెప్పవలెను. చెప్పునపుడు అబద్ధమును పదిసార్లు వల్లించి కాదనుటకంటె, నిజమును ముందు చెప్పి, అబద్ధమును ఒక్కసారి పేర్కొని, మరల నిజమును చెప్పుట మేలు. నలుగురి యెదుట "నీవు అబద్ధము పంపితివి" అని ఒకరిని తలవంచుకొనునట్లు చేసినచో, అతడు తన మాటను నిలబెట్టుకొనుటకై మరి పదిమందికి పంపును. ఇంటికి పోయి వేరుగ చెప్పినచో తానే తీసివేయును.

ఎవరు చెప్పుచున్నారనుదానిని బట్టి మాటకు విలువ. ఆశా కార్యకర్త ఆ ఊరి కోడలే. ఏ ఇంట పసిబిడ్డ కలదో, ఏ ముసలాయనకు చక్కెర జబ్బో ఆమె ఎరుగును. ఆమె ఒక్కతెయే పోయినచో తలుపు తీయని ఇండ్లు కొన్ని యుండును. వార్డు సభ్యుడు, ఆ వాడ పెద్దమనిషి, ఆ ఇంటివారు మన్నించు గురువో ఫకీరో పాస్టరో వెంట నడచినచో తీయుదురు. 2021 జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క దినమున 13 లక్షలకు పైగా టీకాలు వేయబడినవి. గ్రామ సచివాలయముల సిబ్బంది, ఎ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు ముందుగ ఇంటింటికి పోయి పిలువకున్నచో ఆ సంఖ్య సాధ్యమయ్యెడిది కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. డెంగీ, అతిసారము మాత్రము వానకాలమందెల్ల వచ్చుచునే యున్నవి. వానితోపాటు వీడియోలును వచ్చును. తొలకరికి ముందు జరుగు గ్రామసభలో డాక్టరును గాని ఎ.ఎన్.ఎం.ను గాని పిలిచి అర్ధగంట ప్రశ్నలకు విడువవచ్చును. సెల్‌ఫోను లేని ఇండ్లకు దండోరా ఉండనే యున్నది. ఊరివాడే వేయుచున్నందున అతనిని ఆపి అడుగుటకు వీలుండును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు ఫోను నంబరు, ఎ.ఎన్.ఎం. నంబరు పంచాయతీ కార్యాలయపు గోడమీదను, మంచినీళ్ల ట్యాంకు మీదను పెద్ద అక్షరములతో వ్రాయించుటకు ఒక డబ్బా రంగు, ఒక పూట పని చాలును.